ఇత్తు కడుపులో నిద్ర

డాక్టర్ బతూల్ లహ్లూ నోటికి జడిసే తమ ఆడవాళ్లు వేళ తప్పకుండా పరీక్షలకు వెళ్తారని ఆ కొండల్లో మగవాళ్లు వేళాకోళమాడేవారు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆవిడది మంచి నోరు కాదు. ఫెజ్ నగరంలో పెద్దింట పుట్టింది, ఫ్రాన్సులో చదివింది, ఓ పెళ్లి చేసుకుని అది నచ్చక దులిపేసుకుని వచ్చేసింది. తండ్రి పోయాక తన వాటాకొచ్చిన ఇంటిని, నడిముంగిట్లో నిమ్మచెట్టూ నీటితొట్టీ ఉన్న ఇంటిని, అమ్మేసి ఆ డబ్బుతో మిదెల్త్ పట్నం దాటాక కొండ అంచున మట్టిరోడ్డు పక్కన కాన్పుల ఆసుపత్రి కట్టించింది.

"గొర్రెల కాపరుల పెళ్లాలకు పురుళ్లు పొయ్యడానికి నాన్న ఇల్లు అమ్ముకున్నదాన్ని నిన్నే చూశాను," అన్నాడు పెద్దన్న.

"గొర్రెలకైనా పోస్తాను గానీ నీ పెళ్లానికి పొయ్యను," అంది బతూల్. ఆ తర్వాత వాళ్ల గడప ఆవిడ తొక్కలేదు, ఆవిడ గడప వాళ్లూ తొక్కలేదు.

ఆసుపత్రిలో రుసుము అనే మాట లేదు. ఉన్నవాళ్లు ఉన్నది తెచ్చి వంటింట్లో పెట్టి పోయేవారు. మత్తుమందు ఇవ్వడానికి మీలూద్ అనే నర్సు, వంటకూ చాకిరీకీ తూదా అనే వితంతువు, వీళ్లిద్దరే ఆవిడ సంసారం. ఒకప్పుడు ఆ కొండల్లో కాన్పంటే తల్లికి సమాధి తవ్వి ఉంచుకున్నట్టే ఉండేది. బతూల్ వచ్చాక తల్లులు బతకడం మామూలైపోయింది. మామూలైపోయింది కాబట్టి ఎవరూ దాన్ని గురించి మాట్లాడుకునేవారు కాదు, అది ఆవిడకు ఇష్టంగానే ఉండేది.

మొదటి మంచు ఇంకా పడలేదు. తీరిఘిస్త్ ఊరి నుంచి యమ్నా అనే ముసలామె తన కోడల్ని తీసుకుని వచ్చింది. కోడలి పేరు ఇత్తు. పాతికేళ్లు కూడా నిండని పిల్ల, పొట్ట మాత్రం ఆరో నెలలా ఎత్తుగా ఉంది. యమ్నా కొడుకు, బస్సూ అనేవాడు, స్పెయిన్‌కి పోదామని చిన్న పడవ ఎక్కి సముద్రంలో పోయాడు. శవం దొరకలేదు. ఆ సంగతి కొండలన్నిటికీ తెలుసు, అది జరిగి రెండు చలికాలాలు దాటిపోయాయి.

"నడుం లాగేస్తోందంటోంది. మందేదన్నా ఇవ్వు లల్లా," అంది యమ్నా, పెద్దింటి ఆడవాళ్లను పిలిచే మర్యాద మాటతో. "పొట్ట జోలికి మాత్రం పోకు. లోపల నా మనవడు నిద్రపోతున్నాడు."

బతూల్ నిట్టూర్చింది. ఈ మాట వినీ వినీ ఆవిడకు విసుగెత్తిపోయింది. మగవాడు దూరదేశం పోయేటప్పుడు పెళ్లాం నెల తప్పిందని అనుమానం తగిలితే, తండ్రి లేకుండా బిడ్డ పుట్టకూడదని మసీదులో మంత్రాలు రాసిచ్చే ఫకీహ్ దగ్గరికి తీసుకెళ్లి ముడి వేసిన తాయెత్తు కట్టిస్తారు. బిడ్డ కడుపులోనే నిద్రపోతుంది. తండ్రి తిరిగొచ్చాక ముడి విప్పితే లేచి మళ్లీ పెరుగుతుంది. ఏళ్లూ పూళ్లూ అలా నిద్రపోతుందని అవ్వలు చెబుతారు, పాతకాలం న్యాయపండితులూ కాదనలేదు. అలాంటి పొట్టల్లో బతూల్ గడ్డల్ని చూసింది, నీటిని చూసింది, ఎక్కువసార్లు ఆశ తప్ప ఇంకేమీ చూడలేదు.

"నీ మనవడి నిద్ర పాడుచెయ్యనులే. పైపైన చూస్తాను," అని ఇత్తును బల్ల మీద పడుకోబెట్టింది.

స్కానింగ్ తెర మీద కనిపించిందేమిటో ఆవిడకు చూస్తూనే తెలిసిపోయింది. అనుమానం లేకుండా ఎక్స్‌రే కూడా తీసింది. అండాశయంలో పుట్టే ఒక జాతి గడ్డ అది. అందులో వెంట్రుకలు పెరుగుతాయి, కొవ్వు పడుతుంది, ఒక్కోసారి పళ్లు కూడా వస్తాయి. కోసి తీసేస్తే పీడా వదిలిపోతుంది. ఉంచుకుంటే ఏదో ఒకనాడు తొడిమ మెలిపడి, కుళ్లి, మనిషిని తీసుకుపోతుంది. ఇత్తు గడ్డ అప్పటికే పుచ్చకాయంత అయ్యింది.

"ఇది బిడ్డ కాదమ్మా. గడ్డ," అంది. "ఈ వారంలోనే తీసేయాలి. లేకపోతే చచ్చిపోతావు. మళ్లీ చెప్తున్నాను, చచ్చిపోతావు."

ఇత్తు లేచి కూర్చుని బట్టలు సర్దుకుంది. అత్త వైపు చూసి, తలదించుకుని, చిన్నగొంతుతో అడిగింది.

"మరి తూదక్క బిడ్డ నాలుగేళ్లు నిద్రపోయి లేచిందని చెప్పింది నువ్వే కదా లల్లా?"

సరిగ్గా అప్పుడే తూదా పుదీనా టీ పళ్లెంతో గుమ్మంలోకి వచ్చింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి. పళ్లెం బల్ల మీద పెట్టేసి, తల మీద గుడ్డ ముందుకు లాక్కుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

బతూల్ ఆమె వెళ్లిన గుమ్మం వైపే చూసింది.

తూదాదీ తీరిఘిస్త్ ఊరే. ఆమె భర్త బొగ్గుగనిలో పోయాడు. అతను పోయిన చాలాకాలానికి తూదా కడుపు పండింది. ఎవడి వల్లనో, ఇష్టపడో బలవంతానో, బతూల్ అడగలేదు, తూదా చెప్పలేదు. ఆ రోజు మామగారు లహ్సెన్, ఊరి పెద్ద, కోడల్ని కంచరగాడిద మీద కూర్చోబెట్టి తీసుకొచ్చాడు. మరుదులిద్దరూ గేటు బయట నిలబడ్డారు. లోపల పరీక్షగదిలో తూదా డాక్టర్ కాళ్లు చుట్టేసి, "నన్ను ఇంటికి తీసుకెళ్తే దార్లోనే కొండ మీంచి తోసేస్తారు," అంది. అంతకు ముందు ఏడాది పక్క లోయలో ఒక పిల్లను అలాగే తోసేశారు. కాలు జారిందన్నారు. ఆ శవాన్ని చూసింది బతూలే.

ఆవిడ బయటికొచ్చి, గేటు దాకా వినబడేలా గొంతెత్తి, "లహ్సెన్! నీ కొడుకు బిడ్డే. ఇన్నేళ్లూ నిద్రపోయింది, ఇప్పుడు లేచింది. నా మిషన్‌లో చూశాను," అని చెప్పింది. లహ్సెన్ అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాడు. కొడుకు పోయినప్పుడు కూడా అతనలా ఏడవలేదని చూసినవాళ్లు చెప్పుకున్నారు.

అలా పుట్టిన పిల్లే ఇజ్జా. తల్లి ఆసుపత్రిలో పనికి కుదిరినా పిల్ల తాత ఇంట్లోనే ఉంటూ ఇప్పుడు బడికి పోతోంది. తాత లహ్సెన్ దాన్ని భుజం మీంచి దించడు. ఆసుపత్రి కట్టినందుకు బతూల్‌కు గర్వం లేదు గానీ ఆ అబద్ధం ఆడినందుకు మాత్రం లోలోపల ఉండేది. తన జీవితంలో చేసిన మంచిపని ఏదని ఎవరైనా అడిగితే, పైకి చెప్పలేని ఆ ఒక్కటే ఆవిడకు గుర్తొచ్చేది.

అయితే మాట ఒకచోట ఆగే వస్తువు కాదు. అంతవరకూ నిద్రపోయే బిడ్డ మాట ఎత్తితే బళ్లో చదువుకున్న కుర్రాళ్లు నవ్వేవారు. ఫెజ్ డాక్టరమ్మ మిషన్ పెట్టి చూసి చెప్పిందంటే ఇంకెవరు నవ్వుతారు? అవ్వలు నమ్మిన దానికి ఆవిడే ముద్ర కొట్టి ఇచ్చింది. ఇప్పుడు ఆ ముద్ర తిరిగొచ్చి తన బల్ల మీద కూర్చుంది.

"ఆ బిడ్డ సంగతి వేరు," అంది బతూల్. "ఇది వేరు."

"ఏం వేరు?" యమ్నా గొంతు లేచింది. "ఊరి పెద్ద కోడలికైతే నీ మిషన్‌లో బిడ్డ కనబడుద్ది, మా పేదోళ్లకైతే గడ్డ కనబడుద్దా?"

బతూల్‌కు కోపం వచ్చింది. కోపం వస్తే ఆవిడ ఆలోచించదు. ఎక్స్‌రే ఫిల్ము తీసి కిటికీ వెలుగుకు పెట్టి, "ఇటు చూడు! ఇవేమిటో తెలుసా? పళ్లు! కడుపులో ఉన్న బిడ్డకు పళ్లుంటాయా ఎక్కడైనా?" అని అరిచింది.

యమ్నా ముందుకు వంగి చూసింది. పాపం ఆ ముసలి కళ్లలో దీపాలు వెలిగాయి.

"పళ్లు," అంది మెల్లగా. "ఇత్తూ, పళ్లొచ్చాయే నా తండ్రికి! ఇన్నాళ్లు పడుకున్నాడు కదా, రావా మరి!" డాక్టర్ చేతులు రెండూ పట్టుకుని ముద్దుపెట్టుకుంది. "నీ నోరు చేదు గానీ నీ చెయ్యి చల్లంది లల్లా. దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

ఆ ముసలామె కోడల్ని నడిపించుకుని వెళ్లిపోయింది. బతూల్ ఫిల్ము పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

వంటింట్లో తూదా పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"చెప్పేయాల్సింది లల్లా."

"ఏం చెప్పాలి?"

"ఇజ్జా నిద్రపోలేదని."

"చెప్తే సాయంత్రానికి నీ మరుదులొస్తారు. నువ్వు నాతో ఇక్కడ బతుకుతావనుకో, మరి ఇజ్జా? తాత ఇంట్లో పడుకుంటున్న పిల్ల అది. నోరు మూసుకుని బఠాణీలు చూడు, మాడుతున్నాయి."

నిజంగానే మాడుతున్నాయి. ఇద్దరూ ఆ మాడిన బఠాణీ చారే తిన్నారు.

బతూల్ ఊరుకోలేదు. తనే తీరిఘిస్త్ ఎక్కింది. ఊట దగ్గర ఇత్తు ఒంటరిగా దొరికితే పక్కకు పిలిచి నచ్చజెప్పింది, బతిమాలింది, అలవాటు కొద్దీ రెండు తిట్లు కూడా తిట్టింది. ఇత్తు అంతా విన్నది. మొండి పిల్ల కాదు.

"గడ్డే అనుకో లల్లా. తీసేశాక ఆ ఇంట్లో నేనెవరిని? బస్సూ లేడు. బిడ్డ లేడు. మా అన్న ఇంటికి పంపేస్తారు. మా వదిన రొట్టె లెక్కపెట్టి పెడుద్ది." కడవ నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు. "మా అత్త పొద్దున్నే లేచి నా పొట్ట మీద చెయ్యేసి పలకరిస్తది. 'లేచావా బస్సూ?' అని. వాడికి ఆ పేరే పెట్టింది. ఆ పలకరింపు కోసమే నేనుంటున్నా."

అప్పుడైనా ఆవిడ ఇజ్జా నిద్రపోలేదన్న ఆ ఒక్క మాట అనేయొచ్చు. చుట్టూ ఎవరూ లేరు. కానీ ఇత్తుకు చెప్పిన మాట యమ్నాకు చేరుతుంది, యమ్నాకు చేరింది ఊట దగ్గరికి, ఊట దగ్గరి నుంచి లహ్సెన్ కొడుకుల చెవిలోకి. బతూల్ నోటిదాకా వచ్చిన మాటను మింగేసి కొండ దిగింది. దారి పొడవునా తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

మంచు బాగా పడ్డాక ఒక ఉదయం నలుగురు మగవాళ్లు ఇత్తును తలుపు చెక్క మీద మోసుకొచ్చారు. యమ్నా ముందు నడుస్తోంది. ఆమె చంకలో మూట, ఇంకో చేతిలో కాళ్లు కట్టేసిన కోడిపుంజు. మొహం వెలిగిపోతోంది.

"లేచాడు లల్లా! రాత్రే ముడి విప్పించాను. విప్పంగానే నొప్పులు మొదలయ్యాయి!"

చెక్క మీద ఇత్తు పెదాలు సున్నంలా ఉన్నాయి. పొట్ట రాయిలా బిగిసింది. నాడి అందీ అందకుండా పరుగులు తీస్తోంది. గడ్డ మెలిపడిందని బతూల్‌కు చెయ్యి వేయగానే తెలిసింది.

"కొయ్యాలి," అంది.

"కోసైనా తియ్యి. నా మనవణ్ణి నాకియ్యి," అంది యమ్నా.

కాదనడానికి, విడమరచి చెప్పడానికి టైము లేదు. ఉన్నా చెప్పేదో లేదో. కాదంటే ముసలామె కోడల్ని వెనక్కి తీసుకుపోతుంది. బతూల్ "సరే" అంది. ఆ సరేలో ఎన్ని అబద్ధాలున్నాయో మీలూద్‌కు కూడా అర్థమైంది, అతను డాక్టర్ మొహంలోకి చూడకుండా మత్తుసూది సిద్ధం చేశాడు.

పొట్ట తెరిస్తే గడ్డ నేరేడుపండు రంగులో ఉంది. బతూల్ చేతులు ముసలివైనా పని మర్చిపోలేదు. అది చిట్లకుండా బయటికి తీసింది. రక్తం ఆపింది, కుట్లు వేసింది. ఇత్తు ఊపిరి నిలదొక్కుకునేసరికి పగలు సగం గడిచింది. ఆ పిల్ల బతికింది. ఆ క్షణంలో బతూల్ వేరే ఏదీ తలుచుకోలేదు, తలుచుకోదలచలేదు.

బయటికి రాగానే మెంతుల వాసన కొట్టింది. బాలింతకు పెట్టే కోడికూర. యమ్నా పుంజును కోయించి తూదా పొయ్యి మీదే ఉడికిస్తోంది. బెంచీ మీద మూట విప్పి పరిచి ఉంది. చిన్న టోపీ, నడుముకు చుట్టే గుడ్డ, గోరింటాకు పొట్లం.

"ఇత్తు బతికింది యమ్నా. ఇక భయం లేదు."

"బిడ్డో?"

"బిడ్డ లేదు. అది గడ్డే. నేను ముందే చెప్పాను నీకు."

"చూపించు."

బతూల్ తటపటాయించింది. చూపించకపోతే? ఆసుపత్రుల్లో బిడ్డల్ని మాయం చేసి పట్నంలో అమ్ముతారని ఎప్పుడూ ఒక పుకారు తిరుగుతూనే ఉంటుంది. కళ్లతో చూస్తే ముసలామెకే అర్థమవుతుందనుకుంది. చదువుకున్నవాళ్లకు ఈ జబ్బు ఉంటుంది, చూస్తే చాలు అర్థమైపోతుందనుకుంటారు. మీలూద్ పళ్లెం తెచ్చాడు.

యమ్నా చాలాసేపు చూసింది. కొవ్వూ నెత్తురూ కలిసిన ముద్దలో నల్లటి జుట్టు, ఉంగరాలు తిరిగి, తడిసి అంటుకుని ఉంది. ఒక వేలితో దాన్ని పైకి ఎత్తింది.

"బస్సూ జుట్టు," అంది.

"యమ్నా, విను. అది ఇత్తు ఒంట్లో పుట్టిందే. ఇలాంటి గడ్డల్లో..."

"పుట్టినప్పుడు వాడికీ ఇట్టాగే ఉంది. నేనే గొరిగించాను. నాకు తెలీదా?"

అరుస్తుందని బతూల్ అనుకుంది, గుండెలు బాదుకుంటుందనుకుంది. ఆమె అదేమీ చెయ్యలేదు. చేతిలో ఉన్న చిన్న టోపీని మడిచి లోపల పెట్టుకుంది. "తెల్లగుడ్డ ఉంటే ఇయ్యి లల్లా. గోరువెచ్చటి నీళ్లు కూడా. కడిగి తీసుకుపోతా. నా కొడుకునైతే కడగలేకపోయాను," అంది.

బతూల్ గుడ్డ ఇచ్చింది. అంతకన్నా ఏం చెయ్యాలో ఆవిడకు తోచలేదు. తీరిఘిస్త్ శ్మశానంలో, మంచు పక్కకు తీసి, చిన్న గొయ్యి తవ్వి దాన్ని పూడ్చిపెట్టారు. సముద్రంలో పోయిన బస్సూకు సమాధి లేదు. అతని ఇంటివాళ్లకు వెళ్లి కూర్చోవడానికి ఇప్పుడొకటి దొరికింది.

డాక్టర్ నిద్రపోయే బిడ్డను చంపేసిందన్న మాట మంచు కరిగే లోపే లోయలన్నీ చుట్టొచ్చింది.

తర్వాత ఒక శుక్రవారం లహ్సెన్ ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. యమ్నా కూడా వచ్చింది. లహ్సెన్ కర్ర పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. తూదా మామగారికి టీ ఇచ్చి గోడవారగా నిలబడింది.

"తల్లీ, మా ఊళ్లో నీ ఉప్పు తినని ఇల్లు లేదు," అన్నాడు లహ్సెన్. "నిన్ను పంచాయితీకి పిలిచే మొహం మాకు లేదు. అందుకే మేమే వచ్చాం. ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. కడుపులో బిడ్డ నిద్రపోద్దా, పోదా?"

అడిగి, తన చేతుల వైపు చూసుకున్నాడు. తను అడిగిందేమిటో తనకు తెలిసే అడిగాడో లేదో, బతూల్‌కు ఎప్పటికీ తెలియలేదు.

పోదు అంటే ఆవిడ మీద మచ్చ తుడిచిపెట్టుకు పోతుంది. అది గడ్డ అవుతుంది, ఆవిడ ప్రాణం నిలబెట్టిన డాక్టర్ అవుతుంది. గోడవారగా ఉన్న తూదా అప్పుడు ఏమవుతుంది, బళ్లో పలక పట్టుకుని కూర్చున్న ఇజ్జా ఏమవుతుంది? తూదా నోరు తెరవబోయింది. బతూల్ ఆమెకేసి చూసిన చూపుకు నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయింది.

"నిద్రపోతుంది," అంది బతూల్.

"మరి ఇత్తు బిడ్డ?"

"లేపడంలో పొరపాటు చేశాను. నా చేతుల్లో పోయింది."

మీలూద్ గుమ్మంలోంచి "లల్లా!" అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. లహ్సెన్ తల ఎత్తాడు. "దేవుడు నిన్ను క్షమించాలి," అని లేచాడు. యమ్నా వెళ్తూ వెళ్తూ డాక్టర్ కాళ్ల ముందు ఉమ్మింది. ఇదివరకు ముద్దుపెట్టుకున్న చేతుల వైపు కన్నెత్తి చూడలేదు.

ఆ తర్వాత ఆసుపత్రికి రాకపోకలు తగ్గాయి. మొదట తీరిఘిస్త్ వాళ్లు మానేశారు, తర్వాత పై లోయ వాళ్లు, ఆ తర్వాత సంతకొచ్చేవాళ్లు కూడా గేటు ముందు నడక వేగం పెంచేవారు. మీలూద్ వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకున్నాడు. వెళ్లేటప్పుడు ఏడ్చాడు, "మీరు చేసింది నాకు అర్థం కాలేదు లల్లా," అన్నాడు. "నాకు మాత్రం అర్థమైందా?" అంది బతూల్. రోజూ మంచాలకు ఉతికిన దుప్పట్లు వేసేది. రోజూ పరికరాలు ఉడకబెట్టేది. ఎవరూ వచ్చేవారు కారు.

వసంతంలో ఒక మధ్యాహ్నం రోడ్డు మీద కేక వినబడింది. కంచరగాడిద మీద దుప్పట్లో చుట్టిన మనిషి, పక్కన పట్టుకుని నడుస్తున్న భర్త. దుప్పటి అంచు నుంచి నెత్తురు కారుతోంది. వాళ్లు మిదెల్త్ పెద్దాసుపత్రికి పోతున్నారు, అంతదూరం ఆ మనిషి నిలవదని చూసినవాళ్లెవరికైనా తెలుస్తుంది. బతూల్ చెప్పుల్లేకుండా పరిగెత్తి పగ్గం పట్టుకుంది.

"ఇక్కడ దించు! ఇక్కడే దించరా, మూర్ఖుడా! నీ పెళ్లాం పోతోంది!"

"వదులు," అన్నాడతను. అతని కళ్లలో కోపం లేదు, భయమే ఉంది. "నీకు దండం పెడతా, వదులు. మాది లేచి ఉన్న బిడ్డ. చంపకు."

పగ్గం లాక్కుని పోయాడు. మలుపు దాటకముందే ఏడుపు వినబడింది. బతూల్ రోడ్డు మధ్యలో మట్టిలోనే కూర్చుండిపోయింది. తూదా వచ్చి లేవదీసింది.

"నా కూతురి పేరు నిలబెట్టడానికి ఎంతమంది పోవాలి లల్లా?" అంది తూదా. ఆమె ఏడవడం లేదు. "నేనే చెప్తా. రేపే పోయి చెప్తా."

"నువ్వు కాదు. అబద్ధం నాది." బతూల్ పాదాలకు అంటిన మట్టి దులుపుకుంది. "ముందు ఇజ్జాను కిందికి తెచ్చేస్తాను. బట్టలు కుట్టించాలనో ఏదో చెప్పి. అది నీ చేతికి చిక్కాక లహ్సెన్‌కు నిజం చెప్తాను. ఆ వెంటనే మీరిద్దరూ ఫెజ్ పోవాలి. మా అన్న కాళ్లు పట్టుకోవాల్సి వస్తే పట్టుకుంటాను."

ఆ మాట అనడానికి ఆవిడకు ఎంత కష్టమైందో తూదాకు తెలుసు. సరేనంది.

మర్నాడు ఉదయమే బతూల్ కొండ ఎక్కింది. ఊరి మొదట్లోనే శ్మశానం. రాళ్ల మధ్య చిన్న మట్టిదిబ్బ, చుట్టూ తెల్లరాళ్లు పేర్చి ఉన్నాయి. దాని పక్కన ఇత్తు కూర్చుని ఉంది. ఒళ్లు తేరుకుంది, బుగ్గల్లో రంగు వచ్చింది. ఆమె ముందు ఇజ్జా కూర్చుని ఉంటే తల దువ్వుతోంది.

ఇత్తు డాక్టర్‌ను చూసింది. లేవలేదు, మొహం తిప్పుకోలేదు.

"అన్న ఇంటికి పంపలేదు నన్ను," అంది. "సమాధి ఉంది కదా, చూసుకునేవాళ్లు కావాలంది మా అత్త. నీకు చెప్పాలనిపించింది."

"ఇత్తూ, నేనొక మాట చెప్పడానికి వచ్చాను."

"ముందు నేనడిగింది చెప్పు. ఇన్నాళ్లుగా అడగాలని. అడగడానికి ధైర్యం చాల్లేదు." దువ్వెన ఆగింది. "ఏడ్చాడా?"

చెప్పడానికి వచ్చిన మాట నాలుక మీదే ఉంది. అది చెప్తే ఈ పిల్లకు సమాధి కూడా మిగలదు, ఇల్లూ మిగలదు. ఇజ్జా తల వంచి, దువ్వెన మళ్లీ కదలడం కోసం ఓపిగ్గా ఎదురుచూస్తోంది.

"ఏడవలేదు," అంది. "నిద్రలోనే పోయాడు."

ఇత్తు కళ్లు మూసుకుంది. "అయితే నొప్పి తెలీలేదు వాడికి." మళ్లీ దువ్వడం మొదలుపెట్టి అంది, "నేను నిన్ను క్షమించను లల్లా. కానీ ఆ మాట చెప్పినందుకు నీకు మేలు జరగాలి."

జడ పూర్తయ్యింది. ఇజ్జా లేచి, పక్కనున్న చిన్న ముంతలో నీళ్లు మట్టిదిబ్బ మీద చల్లింది. రోజూ చేసే పనిలాగే చేసింది. తర్వాత వచ్చి డాక్టర్ చెయ్యి పట్టుకుంది. తాత చెప్పే కథల్లో తనను లేపిన మనిషి ఈవిడే, ఆ పిల్లకు ఈవిడంటే భయం లేదు.

"డాక్టరమ్మా, ఊళ్లో నిద్రపోయినవాళ్లం వీడూ నేనే కదా. నన్నైతే బాగానే లేపావు. వీణ్ణెందుకు లేపలేకపోయావు?"

బతూల్ ఆ పిల్ల జడ సరిచేసింది. అప్పటికే సరిగ్గా ఉన్న జడే.

"చెయ్యి వణికింది తల్లీ," అంది.

బట్టలు కుట్టించాలన్న మాట ఎత్తలేదు. లహ్సెన్ ఇంటి వైపు వెళ్లలేదు. కొండ దిగుతూ రెండు చోట్ల కూర్చుని లేచింది. ఆసుపత్రి గేటు దగ్గర తూదా మూట కట్టుకుని నిలబడి ఉంది. డాక్టర్ ఒంటరిగా రావడం చూసింది. మూట లోపల పెట్టి, పరికరాలు ఉడకబెట్టడానికి పొయ్యి రాజేసింది.

ఆ వారంలో ఇంకో కంచరగాడిద ఆసుపత్రి ముందు నుంచి ఆగకుండా వెళ్లిపోయింది.